సమస్యాపూరణం: ప్రాణ మిచ్చు మందె ప్రాణముఁ గొనె (ఫైనల్ ఫాంటసీ ప్రత్యేకం)

పృచ్ఛకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం.

ప్రాణ మిచ్చు మందె ప్రాణముఁ గొనె

ఐదూ సూర్యగణాలే, యతి ప్రా-ప్రా. పూరణ ఫైనల్ ఫాంటసీ వీడియో గేముల్లోంచే రావాలి. 1987లో ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద మొదలైన వరసలో ఏ భాగమైనా సరే. మామూలు విషం కథ పనికిరాదు. మందు మందుగానే ఉండాలి, అదే చంపాలి.

ఛోకోబో:
దయ్యములను మోసి దౌడు తీసెడి రైలు
పైన నొక్క యీక పడిన యంత
చచ్చి తిరుగుదాని చావు మఱల వచ్చె
ప్రాణ మిచ్చు మందె ప్రాణముఁ గొనె

ఆరో భాగం (1994) ఫాంటమ్ ట్రైన్. రైలు కూడా ఆటలో శవాల జాబితాలోనే ఉంది; ఈ ఆటల్లో శవాలకి ప్రాణం పోసే మందు తిరగబడి హాని చేస్తుంది. హెచ్‌పీ (ప్రాణబలం) 1900. మన వీరులు సేబిన్, సయాన్ కత్తులూ పిడికిళ్ళూ వాడక్కర్లేదు, ఐటమ్స్‌లో పడిపోయినవాళ్ళని లేపే ఈక, ఫీనిక్స్ డౌన్, ఒక్కటి చాలు. కర్సర్ ముందు మనవాళ్ళ మీదే నిలబడుతుంది, దాన్ని రైలు మీదికి జరపాలి. చాలామంది అక్కడే తొందరపడి బతికున్న సేబిన్ మీదే వాడేసి, 500 గిల్ (ఆటలో డబ్బు) ఈక దండగ చేసుకుంటారు.

పృచ్ఛకుడు:
నడక బాగుంది, మూడో పాదం ఇంకా బాగుంది. ఒక్కటే లోటు: ఆట ఆడనివాడికి "ఈక" ఏమిటో తెలియదు. "ఫీనిక్సు" అని పెట్టాలంటే అది త-గణం, ఇంద్రగణాల్లో ఒకటి. రెండో పాదంలో ఇంద్రగణానికి చోటే లేదు కాబట్టి అక్కడ ఇమడదు. 1, 3 పాదాల చివరి రెండు గణాల్లో ఎక్కడైనా పడుతుంది, నాలుగో గణంలో పెడితే మాత్రం యతి చూసుకోవాలి.

నల్లమాంత్రికుడు:
నీటిలోని పాము నిర్జీవమై యుండ
రెండు పింఛములకె రిత్త యయ్యె
వంద గిల్లులకును వచ్చు సరుకు చాలు
ప్రాణ మిచ్చు మందె ప్రాణముఁ గొనె

పదో భాగం (2001), వయా ప్యూరిఫికో అనే చోట ఎదురయ్యే శవరూప శత్రువు ఎవ్రే ఆల్టానా. మనవాళ్ళు టైడస్, వక్కా, రిక్కు నీళ్ళలో ఉంటారు. రెండు ఫీనిక్స్ డౌన్లు వరసగా వేయండి, ఒకదానితో ఆగకండి. ఓడమీద ఎదురైన మొదటి ఎవ్రే మీద ఈ ఎత్తు పారదు, అది బతికున్నది.

ఛోకోబో:
అన్నా, "నిర్జీవమై" అని మొదటి పాదంలోనే గుట్టు విప్పేశావు. చివరికి వచ్చేసరికి సమస్యలో వైరుధ్యం ఏం మిగిలింది? మూడో పాదం మాత్రం బజారు బేరంలా భలే పడింది. "రిత్త" యతికోసం తెచ్చిపెట్టుకున్నదని ఇట్టే తెలుస్తోంది.

గాల్బదియా:
సెఫిరోతు కత్తి చీల్చె నేరితు గుండె... అని మొదలుపెట్టా. ఏడో భాగంలో శత్రువు సెఫిరోత్ మన ఏరిత్‌ని చంపే ఘట్టం. మిగతా పాదాలు కుదరట్లేదు.

పృచ్ఛకుడు:
మొదటి గణమే తప్పింది. "సెఫిరోతు" సల గణం, అంటే ఇంద్రగణం, అక్కడ సూర్యగణం ఉండాలి. ఆ పేరును నాలుగో గణానికి జరపండి:

చెలియ యేరి తొరగె సెఫిరోతు కత్తికి

చె-సె యతి కూడా కలిసొస్తుంది. కానీ ఛందస్సు బాగుపడినా పూరణ కుదరదు. ఫీనిక్స్ డౌన్ పోరులో పడిపోయినవాళ్ళకే. ఏరిత్ చనిపోయేది కథాదృశ్యంలో, అక్కడ ఐటమ్స్ మెనూయే రాదు. మందు ప్రాణం తీయలేదు, పనికే రాలేదు. అది వేరే సమస్య. అదే ఏడో భాగంలో కాస్మో కాన్యన్ కింద గుహలో శవరూప శత్రువు గీ నత్తక్ ఉన్నాడుగా, వాడి మీద రాయండి.

పసుపుటీక:
యూనలెస్క మంత్ర మూన జీవచ్ఛవ
మైన వాని నోట మందుఁ బోయ
మేలు సేయఁబోవ మిత్రుఁ డొరగె నయ్యొ
ప్రాణ మిచ్చు మందె ప్రాణముఁ గొనె

మళ్ళీ పదో భాగమే, యూనలెస్క అనే శత్రువుతో పోరు. ఇక్కడ చచ్చేది శత్రువు కాదు, మనవాడే. జాంబీ స్థితిలో ఉన్నవాడికి పోషన్ (గాయాలు మాన్పే మందు) పోస్తే హెచ్‌పీ తగ్గుతుంది, ఫీనిక్స్ డౌన్ వేస్తే నేరుగా పోతాడు. ముందు ఆ స్థితిని పోగొట్టే హోలీ వాటర్ చల్లాలి. అలాగని అందరికీ చల్లకండి. మూడో రూపంలో ఆవిడ మెగా డెత్ (అందరినీ ఒకేసారి చంపే దెబ్బ) వేస్తే జాంబీలే మిగులుతారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే పోతారు.

నల్లమాంత్రికుడు:
ఇప్పటిదాకా ఇదే మేలైన పూరణ, ఒప్పుకోక తప్పదు. "పోయ", "పోవ" పక్కపక్కనే పడి నడక తడబడింది. "మేలు కీడుగాను మిత్రుఁ డొరగె నయ్యొ" అంటే గణాలూ యతీ చెడవు, అర్థం కూడా బిగుస్తుంది.

పసుపుటీక:
తీసుకున్నాను గురువుగారూ. ఐదో భాగం మీద ఇంకొకటి:

ఓడదిబ్బ మీఁద నొక్కొక్క రూపమై
మాఱు సైరెనుఁ గని మందు వేయ
బ్రతుకు రూపునందు బలమిచ్చు; శవమైన
ప్రాణ మిచ్చు మందె ప్రాణముఁ గొనె

సైరెన్ అనే శత్రువు పోరు మధ్యలో శవంగా, మళ్ళీ మనిషిగా మారుతుంటుంది. శవరూపంలో గాయాలు మాన్పే క్యూర్ మంత్రం వేస్తే గాయపడుతుంది. మీరు మంత్రం ఎంచుకునేలోపు రూపం మారిందా, మీ చేత్తో మీరే దానికి హెచ్‌పీ పోసినట్టు. రూపం మారడం కళ్ళారా చూశాకే వేయండి.

పృచ్ఛకుడు:
"శవమైన" తరవాత సరళాదేశం ("ప్రాణ" కాస్తా "బ్రాణ" కావడం) అడుగుతారు పండితులు. సమస్యాపాదాన్ని ముట్టుకోకూడదు, పైగా పాదం మారింది కాబట్టి వదిలేస్తున్నాను. మందు ఒకసారి బలమిచ్చి ఇంకోసారి ప్రాణం తీయడం ఒకే పద్యంలో ఇమిడింది, యూనలెస్క పూరణ కన్నా దీనికే నా ఓటు. గీ నత్తక్ ఇంకా ఖాళీగానే ఉన్నాడు, గాల్బదియా గారూ.