ఆ ఇద్దరి కోసమే పుట్టిన నృత్యాన్ని ఇంకో ఇద్దరు చేయొచ్చా?

కచ్ఛపి:
బెల్జియం నృత్యకర్త అన్ తెరెసా ద కీర్స్‌మేకర్, ఫ్రాన్స్ నృత్యకర్త బొరిస్ షర్మాట్స్ 2013లో కలిసి చేసిన 'పార్టిటా 2' గురించి అడుగుతున్నాను. తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సంగీతం జర్మన్ స్వరకర్త బాఖ్‌ది, ఒంటి వయొలిన్‌కు రాసిన డి మైనర్ పార్టిటా, అంటే నాట్య గతుల వరస. 1720 నాటి రాతప్రతి ఉంది. ప్రదర్శన చీకట్లో మొదలవుతుంది, వయొలిన్ ఒక్కటే వినిపిస్తుంది. తర్వాత వయొలిన్ ఉండదు, ఇద్దరూ నిశ్శబ్దంలో నర్తిస్తారు. ఆఖరున ముగ్గురూ కలుస్తారు. విడిగా విన్నదీ విడిగా చూసినదీ అప్పుడు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి.

అప్పటికి ఆవిడకు యాభై రెండేళ్లు, ఆయనకు నలభై. తమ ఒంటికి తగ్గట్టు తామే అల్లుకున్న జంట నృత్యం అది. దీన్ని కొత్త జంటకు నేర్పి మళ్లీ వేదిక ఎక్కించాలా? నాకైతే ఎక్కించాలనే ఉంది. షరతు ఒక్కటే: వయొలిన్‌ను మనిషి అక్కడే నిలబడి వాయించాలి, రికార్డు పెట్టకూడదు.

నట్టువాంగం:
వద్దంటాను. నలభై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నవాణ్ణి, పాతది నిలబెట్టుకోవడం మీద నాకు చెప్పలేనంత మమకారం. అయినా వద్దంటాను.

మా భామాకలాపం చూడండి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్లు ఇంకొకర్ని చూడలేమన్నారు. ఆయన తర్వాత కూడా భామ జడ వేస్తూనే ఉంది. ఎందుకు? అక్కడ పాత్ర ఉంది కనుక. నటుడు పోయినా పాత్ర మిగులుతుంది, ఇంకొకరు వచ్చి అందులో దూరతారు. అమెరికా నృత్యకర్త హోసే లిమోన్ 1949లో ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ సంగీతానికి కట్టిన 'ద మూర్స్ పవాన్' అలాగే బతికింది. అందులో నలుగురు, కథ షేక్‌స్పియర్ ఒథెల్లోది, మూర్ అంటే ఆ ఒథెల్లోనే. లిమోన్ 1972లో పోయారు, మూర్ వేషం మాత్రం చేతులు మారుతూ వచ్చింది, బ్యాలే నర్తకుడు నురేయెవ్ కూడా కట్టాడు.

'పార్టిటా 2'లో పాత్ర ఎక్కడుంది? ఉన్నది ఆ ఇద్దరు మనుషులే. వాళ్లను తీసేస్తే అడుగులు మిగులుతాయి.

ఓరుగల్లు పోరడు:
మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది గని ఒప్పుకోను. పాత్ర లేకుంటే చెయ్యి మారదంటే మరి 'ఫాజ్' సంగతేంది? 1982ల ఆ కీర్స్‌మేకరే చేసింది, అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ సంగీతానికి. అండ్ల కథ లేదు, పాత్ర లేదు, ఉన్నదంత లెక్కనే. ముప్పై ఏండ్లకు పైన తనే ఆడి, 2018ల వయసుల చిన్న డాన్సర్లకు అప్పజెప్పింది. ఆమెకు లేని పట్టింపు మనకెందుకు?

అక్కా, నీ షరతు మాత్రం నాకు మింగుడు పడుతలేదు. నేను చేసేది కంటెంపరరీ. మా అసొంటోళ్లకు హాలు కిరాయి కట్టుడే కష్టం. ఆ పార్టిటా ఆసాంతం వాయించే మనిషిని ఏడికెల్లి తెస్తం? పైసలున్నోళ్లే బాఖ్‌కు ఆడాల్నా?

మంచుకాకి:
నేను బ్రస్సెల్స్‌లో ఉంటాను. పోరడి మాటకు ఇంకొకటి కలుపుతాను. కీర్స్‌మేకర్ తన తొలి రచనల నిర్మాణాన్ని బొయానా ట్స్వేయిచ్‌తో కలిసి 2012 నుంచి పుస్తకాలుగా విప్పి చెప్పారు, 'ఫాజ్' కూడా అందులో ఉంది. దాచుకునే మనిషి కాదు. ఇక రాతలోంచి నృత్యాన్ని లేపడం పాత సంగతే. డోరిస్ హంఫ్రీ 1928లో బాఖ్‌కు ఐదుగురు స్త్రీలతో చేసిన 'ఎయిర్ ఫర్ ద జి స్ట్రింగ్'ను లాబనోటేషన్ (కదలికలను కాగితం మీద రాసే లిపి) చదివి ఈనాటికీ నేర్పుతున్నారు.

నట్టువాంగం:
'ఫాజ్' సంగతి బాగా గుర్తు చేశావు నాయనా. కానీ అది నా పక్షానే సాక్ష్యం చెబుతుంది. అందులో ఇద్దరూ ఒకే కదలిక చేస్తూ ఒకరి నుంచి ఒకరు కొంచెం కొంచెం జారతారు. ఇద్దరూ ఎంత ఒకేలా ఉంటే ఆ జారుడు అంత కనిపిస్తుంది. 'పార్టిటా 2' దీనికి తలకిందులు. ఆవిడ నృత్యకర్త బెజార్ బ్రస్సెల్స్‌లో స్థాపించిన 'ముద్ర' అనే నృత్య బడి నుంచి, తర్వాత న్యూయార్క్ నుంచి వచ్చింది. ఆయన పారిస్ ఒపేరా బడిలో బ్యాలే, ఆ తర్వాత లియోన్‌లో చదువు. మధ్యలో పన్నెండేళ్లకు పైగా తేడా. అతకని ఇద్దరు ఒకే సంగీతాన్ని పంచుకోవడమే అక్కడి విషయం. ఇరవై ఐదేళ్ల చక్కని జంటను తెచ్చి ఆ అడుగులు వేయిస్తే ఏం మిగులుతుంది చెప్పు.

కచ్ఛపి:
మాస్టారూ, మీరు వద్దంటూనే ఎలా చేయాలో చెప్పేశారు! ఒకేలా ఉండే జంటను తేవద్దు. వయసు కలవని, శిక్షణ కలవని ఇద్దర్ని తెద్దాం. అడుగులతో పాటు ఆ తేడాను కూడా రచనలో భాగంగానే అప్పగించాలి.

పోరడా, డబ్బు సంగతి నిజం, కాదనను. కానీ వయొలిన్ పట్టుకున్నదాన్ని కాబట్టి ఈ ఒక్కచోట పట్టు వదలలేను. పార్టిటా అంటే వరసగా నాట్యాల పేర్లే: అల్మాండ్, కొరాంట్, సరబాండ్, జిగ్, చివర షకోన్. షకోన్ ఒక్కటే ఇంచుమించు మిగతా నాలుగూ కలిపినంత. నాలుగు ఆవర్తనాల చిన్న పునాది తిరిగి తిరిగి వస్తుంటే దాని మీద ఎప్పటికప్పుడు కొత్త కట్టడం లేస్తుంది. దిగులు ఛాయ ఉన్న మైనర్ స్వరాల్లో మొదలై, నడుమ వెలుగు ఛాయ ఉన్న మేజర్‌లోకి తెరుచుకుని, మళ్లీ మైనర్‌కే దిగుతుంది. ఆ మేజర్ తలుపు తెరిచేముందు వాయించేవాళ్లు ఎంతసేపు ఆగాలన్నది ఏ రాత్రికారాత్రి తేలుతుంది. ఒక క్షణం ఎక్కువ ఆగితే నర్తకి గాల్లో ఉన్న కాలును ఒక క్షణం ఎక్కువ మోయాలి. రికార్డులో ఆ ఆగడం ఎప్పుడో గడ్డకట్టేసింది. కాలికి అది ముందే తెలిసిపోతుంది.

మంచుకాకి:
నేను హాల్లో చూశాను. చీకట్లో విల్లు తీగను తాకేముందు వాయించే ఆవిడ పీల్చిన ఊపిరి వినిపించింది. తర్వాత నిశ్శబ్దంలో వాళ్ల బూట్ల చప్పుడు, ఊపిరి తప్ప ఏమీ లేదు. అప్పుడు నా చెవిలో ఇందాకటి వయొలిన్ దానంతటదే మోగింది. చీకట్లో స్పీకరు పెట్టుంటే అలా మోగేదా అంటే, నాకు మోగేది కాదు.

ఓరుగల్లు పోరడు:
ఆ ఊపిరి ముచ్చట చదివి జరసేపు ఊకున్న. సరే అక్కా, మొత్తం పార్టిటా వద్దు, సరబాండ్ ఒక్కటి వాయిస్తవా? వాళ్ల అడుగులు కావు, అవి వాళ్లయే. నేను నా అడుగులు కట్టుకుంట. వాళ్ల వరసనే పెడ్దం: ముందుగాల చీకట్ల నువ్వు, తర్వాత ఉత్త నేను, ఆఖరికి ఇద్దరం.

కచ్ఛపి:
వాయిస్తాను. సరబాండ్‌లో బరువు రెండో దెబ్బ మీద పడుతుంది, అది పట్టుకుని కట్టుకో. కానీ జంట అన్నాం కదా, నీతో ఇంకొకరు కావాలి. నీ వయసు వాళ్లు వద్దు, నీ పద్ధతి వాళ్లూ వద్దు.

నట్టువాంగం:
నా మోకాళ్లు మునుపటిలా లేవు. దూకుళ్లు పెట్టకు. రెండో దెబ్బ మీద బరువంటే నాకు అర్థమైంది, తక్కినది వచ్చాక చూపించు.