ఆవ లైన్స్‌లో దిగుబడి కోసం ఏ లక్షణం చూసి సెలెక్ట్ చేయాలి?

ప్రశ్న: నమస్తే అండి, నా దగ్గర ఆవ బ్రీడింగ్ లైన్స్ (కొత్త రకం కోసం పెంచుతున్న వేర్వేరు సంతతులు) చాలా ఉన్నాయి కానీ ఒక్కోదానికి విత్తనం కొంచెమే ఉంది, అన్నిటికీ రెప్లికేషన్స్ (ఒకే లైన్‌ని పొలంలో చాలాచోట్ల మళ్లీ మళ్లీ వేయడం) పెట్టలేను. కొమ్మలు, కాయలు, కాయలో గింజలు, వెయ్యి గింజల బరువు అన్నీ రాసుకుంటున్నా. గింజ లావుగా ఉన్నవి ఏరుకుంటే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండి. కాయలో గింజలు పెరిగితే గింజ బరువు తగ్గడం ఆవాల్లో తరచూ కనిపించేదే, అందుకే ఒక్క లక్షణం పట్టుకుంటే ఇంకోటి జారిపోతుంది. చాలా ట్రయల్స్‌లో దిగుబడితో గట్టిగా కలిసి నడిచేది మొక్కకి కాయల సంఖ్య. కానీ ఒక జాగ్రత్త, పక్కన మొక్క చచ్చి ఖాళీ ఉన్నచోట మొక్క విచ్చలవిడిగా కొమ్మలేసి వందల కాయలు కాస్తుంది, అది జన్యువు గొప్పతనం కాదు చోటు దొరికింది అంతే, కాబట్టి వరస మధ్యలో రెండు పక్కలా మొక్కలున్న వాటినే శాంపిల్ తీయండి.

జవాబు 2: విత్తనం తక్కువుంటే ఆగ్మెంటెడ్ డిజైన్ వేసేయండి. కొత్త లైన్స్ ఒక్కొక్కటి ఒక్కసారే వస్తాయి, చెక్ రకాలు (పోల్చి చూడ్డానికి వేసే తెలిసిన రకాలు) మాత్రం ప్రతి బ్లాక్‌లో, అంటే పొలంలో ఒక్కో భాగంలో, రిపీట్ అవుతాయి, వాటిని బట్టి నేల తేడా సరిచేసుకోవచ్చు. బాగున్న లైన్స్‌కి మాత్రం వచ్చే సీజన్ రెప్లికేషన్స్ తప్పనిసరి.

జవాబు 3: పూతలో సంచులు కట్టడం మర్చిపోకండి, ఆవ ఎక్కువగా స్వపరాగమే అయినా తేనెటీగలు వేరే లైన్ల పుప్పొడి కొంత కలిపేస్తాయి. నూనె క్వాలిటీ కావాలంటే ఎరూసిక్ ఆమ్లం (ఆవ నూనెలో ఉండే ఒక కొవ్వు ఆమ్లం) 2 శాతం లోపు ఉందా అని కూడా చూడాలి.