మార్చి 6న కోసిన లాంగ్‌జింగ్ టీ – తేదీ నిజమేనా, చేదు ఎందుకు?

పచ్చకెటిల్: ఆన్‌లైన్‌లో 50 గ్రాముల లాంగ్‌జింగ్ (చైనా గ్రీన్ టీ) కొన్నాను. ప్యాకెట్ మీద వెస్ట్ లేక్, చింగ్‌మింగ్ (చైనావాళ్ల పితృదేవతల పండుగ) ముందరి కోత, మార్చి 6 అని ఉంది. ఆకు పొట్టిగా, లావుగా, ఒకే రకం ముదురు పచ్చగా ఉంది. 200 మి.లీ. మరిగే నీళ్లలో 5 గ్రాములు, 3 నిమిషాలు ఉంచితే చేదు, పచ్చి వాసన. నానిన ఆకుల మీద గోధుమ రంగు చుక్కలు. తప్పు ఆకుదా, నాదా? ఎండాకాలంలో ఎలా దాచాలో కూడా చెప్పండి.

కొండటీ: తేదీ నిజమై ఉండొచ్చు, ఊరు మాత్రం అనుమానమే. చింగ్‌మింగ్ ఏటా ఏప్రిల్ 4, 5 తేదీల్లో వస్తుంది. హాంగ్‌జౌలో వెస్ట్ లేక్ చుట్టుపక్కల షిఫెంగ్, మెయ్‌జియావు లాంటి చోట్ల త్వరగా చిగురించే లాంగ్‌జింగ్ 43 రకం కూడా మామూలుగా మార్చి 20 అటూఇటూగా కోతకొస్తుంది. పాత విత్తన మొక్కలు, అంటే చున్‌తీ రకం, ఇంకో వారం పది రోజులు ఆగుతాయి. మార్చి మొదటి వారానికే చేతికొచ్చేది ఎక్కువగా వూనియూజావ్. అది హాంగ్‌జౌ ఉన్న జెజియాంగ్ రాష్ట్రంలోనే, దక్షిణాన యోంగ్‌జియా ప్రాంతపు మొక్క. లాంగ్‌జింగ్ పద్ధతిలోనే చదునుగా వేయిస్తారు. మీరు చెప్పిన పొట్టి, లావు ఆకు దానికి సరిపోతుంది. చెడ్డ టీ కాదు, కానీ రుచి పలచన. వెస్ట్ లేక్ ధర పెట్టి కొనేది కాదు.

ముందు కోస్తే మేలు అన్న లెక్క ఒకే తోటకీ, ఒకే రకానికీ పనికొస్తుంది. చలికాలమంతా వేళ్లలో కూడిన సారం తొలి చిగుళ్లకు వెళ్తుంది. కమ్మదనం ఇచ్చే థియనిన్ ఎక్కువ, వగరు తక్కువ. ఎండ ముదిరేకొద్దీ ఆ థియనిన్ తగ్గి వగరు పదార్థాలు పెరుగుతాయి. రకాలు మారితే తేదీలను పోల్చి లాభం లేదు.

బాణలిచెయ్యి: పై మాటలు సరే, కానీ చేదునంతా రకం మీదికి తోసేయకండి. అది వేయించడంలో పోయినట్టుంది.

కోసిన ఆకును వెదురు తట్టల్లో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి 6 నుంచి 12 గంటలు వాడబెడతారు. తేమ 70 శాతానికి దిగాలి, పచ్చి వాసన పోవాలి. తొందరపడి పచ్చిగానే బాణలిలో వేస్తే గడ్డి వాసన, చేదు అలాగే మిగిలిపోతాయి. మొదటి వేపుడు 'చింగ్ గువో'. బాణలి 200 డిగ్రీల దరిదాపుల్లో, చేతికి పట్టేటంత ఆకు, పన్నెండు పదిహేను నిమిషాలు. ఆకును ఎర్రబరిచే ఎంజైమ్‌ను చంపేది ఇక్కడే. వేడి చాలకపోతే కాడలు ఎర్రబడతాయి. మితిమీరితే ఆకు అంచున తేమ ఒక్కసారి ఆవిరై బొబ్బలు లేచి మాడతాయి. మీ గోధుమ చుక్కలు ఇవే. తర్వాత చల్లార్చి ముప్పావుగంట మూసి ఉంచితే, ఈనెలోని తేమ ఆకంతా సర్దుకుంటుంది. అప్పుడు 'హుయ్ గువో': తక్కువ సెగన ఇరవై, పాతిక నిమిషాలు అరచేత్తో అదుముతూ, నూగు రాలి ఆకు నున్నబడేదాకా. తడి ఉండగానే గట్టిగా అదిమితే నల్లబడుతుంది, మరీ ఎండాక అదిమితే విరుగుతుంది. చివరికి తేమ 6 శాతం లోపు. నాలుగైదు కిలోల పచ్చాకుకు కిలో టీ.

ఒకే రకం పచ్చరంగు చూసి మురిసిపోవద్దు. షిఫెంగ్ పాత మొక్కల ఆకు పొట్టు తీయని బియ్యంలా కాస్త పసుపు కలిసి, హెచ్చుతగ్గులుగా ఉంటుంది. వాసన వేయించిన శనగల్లా కమ్మగా ఉండాలి.

పచ్చకెటిల్: మరి నా మరిగే నీళ్ల సంగతి?

నీటిలెక్క: టీ పరీక్షకులు 3 గ్రాములు, 150 మి.లీ. మరిగే నీళ్లు, 4 నిమిషాలు పెట్టే చూస్తారు. లోపాలు బయటపడడానికే ఆ పద్ధతి, తాగడానికి కాదు. మీ పాళ్లు అంతకంటే చిక్కన. 200 మి.లీ.కి 3 గ్రాములు, 80–85 డిగ్రీలు చాలు. గాజు గ్లాసులో మూడోవంతు నీళ్లు పోసి, ఆకు వేసి, నెమ్మదిగా తిప్పి, అర నిమిషం ఆగి మిగతాది నింపండి. మూడోవంతు మిగలగానే మళ్లీ పోసుకోవాలి, పూర్తిగా వంపేస్తే రెండో గ్లాసు చప్పబడుతుంది. బోరు నీళ్లయితే పైన తెట్టు కడుతుంది, రుచి మొద్దుబారుతుంది. ఆర్ఓ నీళ్లు వాడండి.

దాచడానికి చైనాలో జాడీ అడుగున, తేమ పీల్చేందుకు, గుడ్డలో కట్టిన రాతిసున్నం పెడతారు, ఆకుకు తగలనీయరు. మీకు ఫ్రిజ్ చాలు: గాలి చొరని చిన్న ప్యాకెట్లు, ఒక్కోటి వారానికి సరిపడా. బయటికి తీశాక మూడు నాలుగు గంటలు ఆగి విప్పండి. చల్లటి ఆకును విశాఖ ఉక్కలో విప్పితే నీటి తడి ఆకు మీదే పేరుకుంటుంది. ఇంగువ డబ్బా ఉన్న అరలో మాత్రం పెట్టకండి.