నాలుగిళ్ల లోగిలి: మిగతా మూడిళ్లూ ఏవి?

మొన్న మా తాతగారి నాటి పంపకాల దస్తావేజు బయటికి తీశాం. రాజమండ్రి ఇన్నీసుపేటలో మా పాత ఇంటి గురించి అందులో ఇలా ఉంది: "నాలుగిళ్ల మండువా లోగిలి ఒకటి, నుయ్యి, దొడ్డి, తలుపులు ద్వారబంధాల సహా." బెంగుళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు రెండుసార్లు చదివి, "మావయ్యా, మనకున్నది ఒక్కిల్లే కదా, మిగతా మూడూ ఎవరు తినేశారు?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఇల్లంటే గది అనే అర్థం మన నోట్లో ఇంకా ఉంది గానీ మనమే గమనించం. వంటిల్లు, పడకటిల్లు, నట్టిల్లు. ఒకే కప్పు కింద ఎన్ని ఇళ్లో చూడండి! ఇప్పుడు వంటగది, పడకగది అంటున్నాం కాబట్టి 'నాలుగిళ్లు' అనగానే లెక్క తప్పుతోంది. నాలుగు వైపులా నాలుగు ఇళ్లు, నడుమ ఆకాశం. సంస్కృతంలో చతుశ్శాల అన్నదీ ఇదే.

ఆ నడిమి ఖాళీయే మండువా. నాలుగు వాలుల నీళ్లూ అందులోకే దిగుతాయి. వాన పడితే మూలల్లో రేకు దోనెల కింద మా మామ్మ ఇత్తడి గంగాళాలు పెట్టేది. మొదటి వాన నీళ్లు మాత్రం పట్టనిచ్చేది కాదు, పెంకుల మీది కాకిరెట్టలు కడుక్కుపోవాలి కదా. రాత్రిపూట ధార చప్పుడు విని ఏ గంగాళం నిండిందో పడుకునే చెప్పేది. ఒకసారి కాగితం పడవల కోసం నేను తూములో గుడ్డ కుక్కితే నీళ్లు నట్టింట్లోకి వచ్చేశాయి. ఆ రోజు పడ్డ దెబ్బలు ఇక్కడ రాయను.

వాకిలిలోనూ ఇల్లుంది. వాయి అంటే పాత మాటలో నోరు. వాకిలి అంటే ఇంటి నోరన్నమాట, తమిళంలో వాయిల్. ముంగిలి ఇంటి ముందు. లోగిలి కూడా ఆ అచ్చులోదేనని నా లెక్క.

పాఠకుల మాటలు, నా జవాబులు:

— అమలాపురం నుంచి: బావుందండీ. మా వైపు మండువా అంటే ఆ ఖాళీ ఒక్కటే, చుట్టూ ఉండేవి సావిళ్లు, అంటే చావళ్లు. ఇంగ్లీషువాళ్ల చౌల్ట్రీ (సత్రం) అనే మాట ఈ చావడి నుంచే వెళ్లింది. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' కూడా పెంకుటింట్లో పుట్టిన మాటే. స్లాబు కింద పడుకుని ఏం లెక్కపెడతాం?

— అవునండీ. పైగా ఆ వాసాల్లో ఎంత టేకు! ఏజెన్సీ కలపని తెప్పలు కట్టి గోదాట్లో వదిలితే రాజమండ్రి రేవుకి వచ్చేది. 'చూరు పట్టుకు వేలాడటం' కూడా కలుపుకోండి. మా మండువా చుట్టూ చూరు నా తలకి తగిలేది.

— పాలకొల్లు నుంచి: మా దగ్గర ఒక ఫంక్షన్ హాలుకి 'మండువా లోగిలి' అని పేరు పెట్టారు. స్లాబు మీద పెంకులు అతికించారు, నడుమ ఏసీ. తప్పా?

— పేరు వాళ్లిష్టం గానీ, నడుమ వాన పడకపోతే నేను మండువా అనను. అసలు పూర్వం పెళ్లికి హాలెక్కడిదండీ? వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మా ఊళ్లో తొలి వితంతు వివాహం జరిపించింది కూడా సొంతింట్లోనే. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, వచ్చినప్పుడు చూడండి.

— కాకినాడ నుంచి: మాస్టారూ, ఒక టెన్షన్ మిగిలింది. వాకిలి, ముంగిలి, లోగిలి సరే. పిడికిలిలో కూడా ఇల్లుందా?

— లేదు బాబూ. చివర 'ఇలి' ఉన్నవన్నీ ఇళ్లు కావు. పిడికిలిలో ఉన్నది పిడి. మా మామ్మది గట్టి పిడి కూడాను, తూము సంగతి చెప్పాను కదా.