బోరు మోటారుకి ఫోన్ అలర్టు పెట్టించాలా, ఆంపియర్ మీటరు చాలదా?

హోరమావు ఓనరు:
అందరికీ నమస్కారం. బెంగళూరు హోరమావులో మా ఇంట్లో ఆరు పోర్షన్లు, బోరు ఒకటే. 1,100 అడుగుల లోతు, 900 దగ్గర 7.5 హెచ్‌పీ మోటారు. నీళ్లు సంపులో పడతాయి, అక్కడి నుంచి చిన్న మోటారుతో మేడ మీద ట్యాంకుకి. పోయిన వేసవిలో నీళ్లు అయిపోయి బోరు గాలి కొడుతున్నా ఎవరూ ఆపలేదు, మోటారు కాలిపోయింది. ఇప్పుడు ఇంకో తలనొప్పి. రోజుకి గంట వేస్తే సరిపోయేది, రెండు నెలలుగా రెండు గంటలు వేయాల్సి వస్తోంది. మోటారు మీటరులో నెలకి 200 యూనిట్లు ఎక్కువ. ఫోన్‌కి మెసేజీ పంపే కంట్రోలర్లు ఉన్నాయంటున్నారు. పెట్టించుకున్నవాళ్లు చెప్పండి.

గోపి_వర్తూరు:
తప్పకుండా పెట్టించండి. నా దగ్గర మూడేళ్లుగా ఉంది. ఆంపియర్లు, వోల్టేజీ, ఫ్లో మీటరుతో నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయి, అన్నీ ఫోన్లోనే. డ్రై రన్ అయితే, అంటే నీళ్లు లేకుండా మోటారు తిరిగితే, తనే ఆపేసి, రెండు గంటలాగి తనే మళ్లీ వేస్తుంది. నేను ఆఫీసులో కూర్చుని చూసుకుంటాను.

వైండింగ్ మామ:
తనే మళ్లీ వేస్తాదా? ఇంక అయినట్టే. మదనపల్లె కాడ 22 ఏళ్లు వైండింగు షాపు నడిపినోణ్ని, ఇప్పుడు కేఆర్ పురంలో కొడుకు ఇంట్లో ఉండా. ఆటో స్టార్టర్ల దయతోనే నా షాపు నడిచింది. రాత్రి కరెంటు వస్తే మోటారు దానంతటదే తిరిగేది. బోరులో నీళ్లుండవు. తెల్లారి రైతు పోయి చూస్తే వైండింగు మాడి బొగ్గు. సబ్‌మెర్సిబుల్ మోటారుని చల్లబెట్టేది చుట్టూ పారే నీళ్లే కదబ్బా. ఆ నీళ్లే లేకపోతే ఇంకేముంది?

ఓనరు సారూ, ఆంపియర్ మీటరు చాలు. నీ మోటారు నీళ్లెత్తేటప్పుడు 12 దగ్గర చూపిస్తాది. గాలి కొడితే ముల్లు ఏడుకో ఎనిమిదికో పడిపోతాది. ఇరుక్కుంటే పైకి పోతాది. ఆ ముల్లు చూసే ఓపికుంటే ఫోన్ ఎందుకు?

గోపి_వర్తూరు:
మామగారూ, ఆ ముల్లు పడిపోవడాన్నే నా కంట్రోలరు చూస్తుంది, సెకన్లలో ఆపేస్తుంది. మీ రైతుల ఆటో స్టార్టర్లలో ఆ సదుపాయం లేదు. రెండింటికీ పోలికేంటి? రెండు గంటల్లో బోరు ఊరుతుంది కూడా.

వైండింగ్ మామ:
రెండు గంటల్లో ఊరుతాదని నీకు ఎవరు చెప్పినారు? బెంగళూరు కింద ఉండేది గట్టిరాయి. సందుల్లోంచి నీళ్లు చెమ్మగా వస్తాయి. ఒక బోరుకి అరగంట చాలు, ఇంకోదానికి రాత్రంతా కావాల. వేసిన ప్రతిసారీ మోటారు ఐదారింతలు కరెంటు లాగుతాది. నీళ్లు లేకుండా రోజుకి పదిసార్లు వేసి ఆపితే వైండింగు ఏమయితాది?

గోపి_వర్తూరు:
రెండు గంటలు కాకపోతే ఆరు పెట్టుకోండి! సెట్టింగే కదా!

తిప్పసంద్ర:
2024 మార్చిలో అప్పటి కర్ణాటక డిప్యూటీ సీఎం డీకే శివకుమార్ ఇంటి బోరే ఎండిపోయిందని ఆయనే చెప్పారు. మనకి ఊరే టైము గురించి గొడవ.

వైండింగ్ మామ:
సెట్టింగు పెట్టేది ఎవరు? వచ్చి బిగించే కుర్రోడు. బోరు సంగతి వాడికేం తెలుసు? ఆగినాక మనిషి వచ్చి, చూసి వేయాల. అంతే.

గోపి_వర్తూరు:
ఆ మనిషి చూడకే కదా పోయిన వేసవిలో సార్ మోటారు కాలింది. మొదటి పోస్టు చదివారా అసలు?

రెండో అంతస్తు:
క్షమించాలి, నాకు మోటార్ల గురించి తెలియదు. మీరిద్దరూ అలా కొట్టుకుంటున్నారు కానీ, ఆ సారు అడిగింది డ్రై రన్ గురించి కాదండీ. బోరులో నీళ్లున్నాయి, మోటారు ఇంకో గంట తిరుగుతోంది. ఆ గంట నీళ్లు ఎటు పోతున్నాయి?

వైండింగ్ మామ:
ఆ అమ్మ చెప్పింది నిజం. సారూ, బోరు పైపు సంపులో పడే చోట 20 లీటర్ల బకెట్ పట్టి, ఎన్ని సెకన్లకు నిండుతాదో చూడు. లోపల నీళ్లు పైకి తెచ్చే కాలమ్ పైపుకి కన్నం పడినా, పంపు అరిగినా, నీటిమట్టం దిగినా టైము పెరుగుతాది. పైపు కన్నమైతే ముల్లు చూసి పట్టుకోలేవు, పంపు నీళ్లు ఎత్తతానే ఉంటాది కాబట్టి. మోటారు ఆపినాక బోరు మూతి కేసింగు కాడ చెవి పెట్టి విను, లోపల నీళ్లు కారే చప్పుడు వస్తాది.

గోపి_వర్తూరు:
అంటే ఆంపియర్ మీటరు చాలదని మీరే ఒప్పుకున్నట్టు. నేను ఫ్లో మీటరన్నది అందుకే.

వైండింగ్ మామ:
బకెట్‌కి బ్యాటరీ అక్కర్లేదు నాయనా.

హోరమావు ఓనరు:
చూశాను. మోటారు దించిన రోజు మెకానిక్కు స్టార్టరు డబ్బా తలుపు మీద పెన్సిలుతో "16 సె." అని రాశాడు. ఇప్పుడు కూడా 16, 17 మధ్యే. చప్పుడేం లేదు. అంటే బోరు బాగానే ఉంది. నా అనుమానమే నిజమైంది, పైన వాడకం పెరిగింది. రెండు పోర్షన్లలో కొత్తవాళ్లు దిగారు, వాషింగ్ మెషీన్లు రోజూ తిరుగుతున్నాయి. అందుకే పోర్షన్‌కి ఒక మీటరు, అన్నీ నా ఫోన్‌కి కనిపించేలా పెట్టిద్దామని.

రెండో అంతస్తు:
అనుకున్నానండీ, ఇక్కడికే వస్తారని. మా పాత ఇంటి ఓనరు కూడా ఇలాగే పెట్టించాడు. "నిన్న పదకొండింటికి మీ ఇంట్లో 90 లీటర్లు పోయాయి, ఏం చేశారు?" అని మెట్ల మీద నిలబెట్టి అడిగేవాడు. మా అత్తగారికి పక్కమీదే అన్నీ, దుప్పట్లు ఉతకద్దా? గృహజ్యోతి పుణ్యాన నా ఇంటి కరెంటు బిల్లు సున్నా, మోటారు వాటా మాత్రం 900 వేశాడు. చివరికి తేలిందేంటంటే, సంపు నుంచి మేడకి వెళ్లే పైపు నేలలో పగిలింది. కట్టిన డబ్బులు రూపాయి వెనక్కి రాలేదు.

తిప్పసంద్ర:
👏👏

హోరమావు ఓనరు:
మేడమ్, అందరు ఓనర్లనీ ఒక గాటన కట్టకండి. బోరు వేయించడానికి నేను అప్పు చేశాను, వాటా ఎవరిచ్చారు? ట్యాంకర్ తెప్పించినప్పుడు డ్రైవరుతో బేరమాడింది ఎవరు? కావేరి నీళ్ల పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, మా వీధికి లైను లేదు. నీళ్లు పంపుతున్నది నా బోరు. లెక్క అడిగితే తప్పా?

రెండో అంతస్తు:
లెక్క అడగండి. ఎవరి కుళాయిలోకీ రాని నీళ్లకి డబ్బులు ఎవరు కట్టాలి, అది చెప్పండి ముందు.

గోపి_వర్తూరు:
సార్, నిజంగా అడుగుతున్నా, ఈ రెండు నెలల అదనపు బిల్లు ఆరు వాటాలు వేశారా?

హోరమావు ఓనరు:
వేశాను. మోటారు బిల్లు ఎప్పుడూ సమానంగా పంచుకోవడమే. ఒప్పంద పత్రంలోనే ఉంది.

వైండింగ్ మామ:
కొట్లాట పక్కన పెట్టండి. సారూ, బకెట్ బోరు సంగతే చెప్తాది, సంపు సంగతి చెప్పదు. రాత్రి మేడ ట్యాంకు నింపి, రెండు మోటార్లూ ఆపి, సంపు గోడ మీద నీటి అంచు కాడ బొగ్గుతో గీత గీయి. పొద్దున చూడు. ఒక్క చుక్క వాడకుండానే దిగితే సంపు కారతా ఉన్నట్టు. దాంతోపాటు మేడ ట్యాంకు కూడా చూసుకో. అది రాత్రి దిగితే ఎవరింట్లోనో ఫ్లష్ ట్యాంకు కారతా ఉన్నట్టు.

గోపి_వర్తూరు:
సంపు కొలత చెప్పండి, లెక్క నేను కడతా.

హోరమావు ఓనరు:
8 అడుగులు, 6 అడుగులు.

గోపి_వర్తూరు:
ఒక అంగుళం దిగితే 113 లీటర్లు.

హోరమావు ఓనరు: *(మర్నాడు)*
రాత్రి పదింటికి గీశాను. పొద్దున ఆరింటికి 13 అంగుళాలు దిగింది. మేడ ట్యాంకు వేలు మందం కూడా తగ్గలేదు.

గోపి_వర్తూరు:
ఎనిమిది గంటల్లో 1,470 లీటర్లు. రోజుకి 4,400. మీ మోటారు 16 సెకన్లకి 20 లీటర్లు, అంటే గంటకి 4,500. మీ అదనపు గంట మొత్తం మట్టిలోకే పోయింది.

వైండింగ్ మామ:
ఈ పొద్దే ఖాళీ చేయించు. అడుగున మూల కాడ చూడు, పగులు ఎక్కువ అక్కడే. డ్రైనేజీ గుంత ఎంత దూరం? నీళ్లు బయటికి పోయే దారిలోనే, సంపు వట్టిపోయినప్పుడు మురుగు లోపలికి వస్తాది. బాగయ్యేదాకా ఎవుర్నీ ఆ నీళ్లు తాగనీయొద్దు.

హోరమావు ఓనరు:
పన్నెండు అడుగులు. మేస్త్రీ వస్తున్నాడు. అందరికీ థాంక్స్. మేడమ్, కొత్తవాళ్ల వాషింగ్ మెషీన్ల గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా.

రెండో అంతస్తు:
మాట సరేనండీ. రెండు నెలల వాటా?

హోరమావు ఓనరు:
వచ్చే నెల బిల్లులో సగం తగ్గిస్తాను.

రెండో అంతస్తు:
సగమెందుకు?

వైండింగ్ మామ:
గోపీ, నీ కంట్రోలరుకి ఆరు గంటలు పెట్టినావా?