పాత గోదాములో గోడల్లేని ఫ్లాటు: మీరెలా సర్దుకున్నారు?

తుంగభద్ర
మాంచెస్టర్‌లో ఒకప్పటి బట్టల గోదాములో ఫ్లాటు కొన్నాం. వంట, భోజనం, సోఫా అన్నీ ఒకే హాల్లో. ఎర్ర ఇటుక గోడలు, మధ్యలో ఇనప స్తంభాలు, ఎత్తైన పైకప్పు. చూడ్డానికి ఎంతో బాగుంది కానీ పాప టీవీ పెడితే ఇల్లంతా మోత, పోపు వేస్తే పక్క దుప్పట్లకు కూడా వాసన. దేవుడి గూడు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు వాణి
రంగులు, బొమ్మలు తర్వాత చూసుకోవచ్చు, ముందు మోత సంగతి చూడండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి, ఎంత గింగురుమంటుందో తెలుస్తుంది. మేము సోఫా కింద దాకా వచ్చేంత పెద్ద తివాచీ వేసి, దాని కింద మందపాటి ఫెల్ట్ పరిచాం. కిటికీలకు నేలదాకా బరువైన కర్టెన్లు. వీటితోనే సగం మోత పోయింది. పుస్తకాల అల్మరాను గోడకు ఆనించకుండా అడ్డంగా నిలబెడితే అటు పడక, ఇటు హాలు విడిపోతాయి. పాప ఉంది కాబట్టి మాత్రం ఎత్తైనది వద్దండీ, పడిపోకుండా బిగించే వీలుంటేనే. లేదంటే నడుము ఎత్తుది చాలు.

ఇటుక పని
పాత కట్టడాలతో పనిచేస్తాను కాబట్టి ఒకటి గట్టిగా చెబుతున్నాను. మీ భవనం లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉన్నది, అవునో కాదో ముందు తెలుసుకోండి. విట్‌వర్త్ స్ట్రీట్‌లో 1906 నాటి ఇండియా హౌస్ ఇలాంటిదే, బట్టలు మూటకట్టి ఎగుమతి చేసిన గోదాము, ఇప్పుడు ఫ్లాట్లు. లిస్టెడ్ అయితే బయటి గోడలకే కాదు, లోపలికీ రక్షణ ఉంటుంది. ఇటుకకు రంగు వేయడం, స్తంభం చుట్టూ పెట్టె కట్టడం లాంటివి కౌన్సిల్‌ను అడక్కుండా చేయకండి. అనుమతి కావాల్సిన పని అనుమతి లేకుండా చేస్తే అది నేరం. లీజ్‌హోల్డ్ అయితే, అంటే ఫ్లాటు మీద మీకు కొన్నేళ్ల హక్కే ఉంటే, ఫ్రీహోల్డర్ (అసలు యజమాని) ఒప్పుకోలు కూడా విడిగా తీసుకోవాలి.

ఇటుక పొడి రాలుతుంటే మెత్తటి బ్రష్‌తో దులిపి వాక్యూమ్ పట్టండి. పాత గోడల్లో ఇటుకల మధ్య సున్నం ఉంటుంది, తేమ దాని గుండానే బయటికి పోవాలి. మామూలు వార్నిష్ పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుక పెచ్చులూడుతుంది. చిన్న ఫ్రేములకు ఇటుకలో కాకుండా ఆ సున్నం గీతలో కన్నం పెట్టండి, రేపు పూడ్చేయొచ్చు.

పోపుల పెట్టె
మీ చిమ్నీ పొగను బయటికి పంపుతుందా, వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుందా చూడండి. రెండోదైతే బొగ్గు ఫిల్టర్ ఎప్పటికప్పుడు మార్చాల్సిందే. నూనె జిడ్డు పట్టే జాలీని నేను వేడినీళ్లలో వంట సోడా వేసి నానబెడతాను. పోపుకు ముందే చిమ్నీ వేసి, పని అయ్యాక కూడా కాసేపు ఉంచుతాను. మిరపకాయలు వేయించేటప్పుడు పొగ అలారం మోగుతుందని దానికి కవరు తొడగొద్దు, దయచేసి. పైకప్పులో నీళ్లు చిమ్మే నాజిళ్లు ఉంటే వాటికి రంగు వేయకండి, వాటికి అడ్డంగా ఏదీ వేలాడదీయకండి. గోడల్లేని ఇంట్లో మంటకు అడ్డు ఉండదు కదా.

బందరు అద్దకం
దేవుడి గూడు మేము ఈశాన్యం మూల పెట్టి, ముందు తక్కువ ఎత్తు చెక్క తెర నిలబెట్టాం. పడక వైపు రెండు స్తంభాల మధ్య తీగ కట్టి కలంకారీ బట్ట వేలాడదీశాం. స్తంభానికి కన్నం పెట్టలేదు, తోలు పట్టీ చుట్టి బిగించాం. ఒకప్పుడు మచిలీపట్నం అద్దకాలు ఐరోపాకు పోయేవి. తర్వాత ఈ మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లు బట్ట మన సంతలకొచ్చి మన నేతగాళ్ల పొట్టకొట్టింది. ఆ బట్ట దాచిన గోదాములో మన కలంకారీ ఉండటం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఎండ నేరుగా తగిలే కిటికీ దగ్గర మాత్రం కట్టకండి, రంగు వెలిసిపోతుంది.

తుంగభద్ర
అందరికీ ధన్యవాదాలు. భవనం సంగతి రేపే కౌన్సిల్‌ను అడుగుతాను, తివాచీ ఈ వారమే. బందరు గారూ, బట్ట గాలికి ఎగరదా?

బందరు అద్దకం
కింది అంచు మడిచి కుట్టి, అందులో సన్నటి వెదురు కర్ర దూర్చండి. చక్కగా నిలుస్తుంది, ఉతకాలంటే కర్ర లాగేస్తే సరి.