పోటీ సిద్ధాంతాలను పోల్చే కొలబద్ద ఉందా?

ప్రశ్న:
న్యూటన్ చెప్పే ద్రవ్యరాశి, ఐన్‌స్టీన్ చెప్పే ద్రవ్యరాశి. మాట ఒకటే, అర్థాలు వేరు. ఇలాంటి సిద్ధాంతాలకు ఉమ్మడి కొలమానం లేదని 1962లో సైన్స్ తత్వవేత్తలు కూన్, ఫెయరాబెండ్ ఇద్దరూ రాశారు. మరి ఏది మెరుగో తేల్చేదెలా?

జవాబు 1:
ఉమ్మడి కొలమానం లేదంటే పోల్చలేమని కాదండీ. చతురస్రం భుజానికీ కర్ణానికీ ఉమ్మడి కొలత లేదు, అయినా కర్ణమే పొడవు. పదాల దగ్గర ఆగిపోకుండా, రెండు సిద్ధాంతాలూ ముందే అంకె చెప్పగల కొలత ఒకటి పట్టుకోండి. సూర్యుడి అంచును ఆనుకుని వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుంది? న్యూటన్ లెక్కలో 0.87 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతలో 1.75. ఫొటో ప్లేటు మీద నక్షత్రపు చుక్క ఎంత జరిగిందో చూడటానికి ద్రవ్యరాశి అర్థం తేల్చనక్కర్లేదు.

జవాబు 2:
ఆ ప్లేటు కొలతే అసలు తలనొప్పి. ఈ వంపును కొలిచిన 1919 సూర్యగ్రహణంలో, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో ఒక టెలిస్కోపు ఫోకస్ చెడింది. దాని ప్లేట్లు 0.93 చూపించాయి, అంటే దాదాపు న్యూటన్ అంకె! పక్కనున్న 4 అంగుళాల లెన్సు 1.98 ఇచ్చింది. దేన్ని నమ్మాలో ఏ సిద్ధాంతమూ చెప్పదు. చుక్కలు చెదిరాయా, స్కేలు మారిందా అని ప్లేటునే పరీక్షించాలి.

జవాబు 3:
అంకెలతో తేలనివీ ఉన్నాయి. లోహం కాలి భస్మమైతే బరువు పెరుగుతుంది, ఇక్కడ తక్కెడ ఆక్సిజన్ సిద్ధాంతం తెచ్చిన లవోజియే పక్షం. కానీ లోహాలన్నీ ఒకే తీరుగా ఎందుకు మెరుస్తాయన్న ప్రశ్నకు ఫ్లోజిస్టన్ (కాలేటప్పుడు వస్తువులోంచి బయటికి పోతుందని ఒకప్పుడు నమ్మిన పదార్థం) వాదుల దగ్గర ఏదో ఒక జవాబుండేది, ఆక్సిజన్ సిద్ధాంతం దాన్ని వదిలేసింది. ఏ ప్రశ్నకు ఎంత విలువ కట్టాలన్నదే అసలు తగాదా.